బల్ల కింద నాలుగు చెక్కదిమ్మలు

నేను ఒక కెమెరాను. ఆ మాట వినగానే మీకు పెళ్ళిపందిరీ, తలంబ్రాలూ, కాస్త ఇటు జరగండంటూ అందరినీ విసిగించే ఫొటోగ్రాఫరూ గుర్తొస్తే ఆ సరదా ఇక్కడే కట్టిపెట్టండి. నేను పుట్టి పదేళ్ళు దాటింది, ఒక్క మనిషి మొహం తీసిన పాపాన పోలేదు. నా ముందు నిలబడి ఎవరూ నవ్వలేదు. నా వెనక కూర్చుని మాత్రం ఒకమ్మాయి ఐదేళ్ళు కళ్ళు పోగొట్టుకుంది. నిజానికి ఈ కథ ఆమెది. నాదని మొదలుపెట్టడం ఏదో ఆనవాయితీ కొద్దీ.

సెకనుకు యాభై వేల బొమ్మలు తీయడం నా పని. మీరు ఒకసారి రెప్ప కొట్టేలోపు పదివేలు తీసి పక్కన పడేస్తాను. అంత తొందర ఎందుకంటారా? నేను చూడాల్సినవాళ్ళు అలాంటివాళ్ళు మరి. మీ ఒంట్లో ప్రతి కణంలోనూ కూలీలున్నారు. శాస్త్రజ్ఞులు వాళ్ళను మాలిక్యులర్ మోటర్లంటారు. ప్రోటీన్‌తో చేసిన రెండు పాదాలు, వీపున ఒక మూట, నడవడానికి దారం లాంటి పట్టా. మీరు నిద్రపోతున్నా, దెబ్బలాడుకుంటున్నా, సన్మానాలు చేయించుకుంటున్నా వాళ్ళు మూటలు మోస్తూనే ఉంటారు. ఒక్కో అడుగు ఎనిమిది నానోమీటర్లు, అంటే తలవెంట్రుక మందాన్ని పదివేల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్క. ఆ కూలీ వీపు మీద ఒక బంగారు రేణువును మూటగా పెడతారు. దాని మీద లేజర్ వెలుగు పడితే అది మెరుస్తుంది. సూక్ష్మదర్శిని ఆ మెరుపును పెద్దది చేస్తుంది. నేను ఆ మెరుపును తీస్తాను, అంతే. కూలీని ఎవరూ చూడరు, మూటనే చూస్తారు. ఈ పద్ధతి మీకు కొత్తేమీ కాదు.

ఎక్కడో చలిదేశంలో, తెల్లకోట్లు తొడుక్కున్న ఇద్దరు ఆడవాళ్ళు నన్ను బిగించారు. వాళ్ళలో ఒకామె మరలు తిప్పుతున్నంతసేపూ ఎవరినో తిడుతూనే ఉంది, మొగుణ్ణే అయివుండాలి. అక్కడి నుంచి నురుగుపెట్టెలో పడుకుని హైదరాబాదు విమానాశ్రయంలో దిగాను. దిగానన్న మాటే గానీ కస్టమ్స్ గోదాములో నలభై రోజులు కదల్లేదు. లోకంలోకెల్లా వేగంగా చూసే కళ్ళలో ఒకదాన్ని పట్టుకుని, ఇది గూఢచారి సామానేమోనని ఒక అధికారికి అనుమానం వచ్చింది.

నన్ను విడిపించడానికి వచ్చింది బాలమణి. నాగర్‌కర్నూలు వైపు పిల్ల, ఆర్టీసీ కండక్టరు కూతురు. ఇరవై ఐదేళ్ళుంటాయి. అమ్మమ్మ పేరు పెట్టుకున్నావేంటని హాస్టల్లో అందరూ ఆటపట్టించేవారు. ఆ రోజు చేతిలో ఉత్తరాల కట్టతో అధికారి ముందు నిలబడింది.

"దీంతో ఏం చూస్తరమ్మా?" అన్నాడాయన.

"అడుగులు సార్."

"ఎవరివి?"

"కంటికి కనవడనోళ్ళవి సార్."

ఆయన ఆమెను ఎగాదిగా చూసి, పిచ్చిపిల్లతో మనకెందుకులే అనుకున్నాడో ఏమో, ముద్ర కొట్టేశాడు. బాలమణి నన్ను ఆటోలో ఒళ్ళో పెట్టుకుని తీసుకొచ్చింది. గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులూ నా చుట్టూ వేసేది. నా జీవితంలో నన్ను ఎవరైనా ఒళ్ళో పెట్టుకున్నది ఆ ఒక్కసారే.

ప్రయోగశాల ఆచార్యుడు శశిభూషణ్ గారిది. చెడ్డవాడు అంటే అబద్ధమవుతుంది. చదువున్నవాడు, మాట తియ్యన, పిల్లలకు టీ తెప్పించేవాడు. ఆయనకున్న జబ్బు ఒక్కటే, పెద్దవాళ్ళ ముందు చిన్నబోవడం ఆయన వల్ల కాదు. ఆ ఒక్క జబ్బు చాలింది.

నన్ను, సూక్ష్మదర్శినినీ కలిపి ఒక ఇనుపబల్ల మీద బిగించారు. ఆ బల్ల గొప్ప బల్ల. దాని నాలుగు కాళ్ళలో గాలి నింపుతారు. పై పలక ఆ గాలి మీద తేలుతుంది. బయట రోడ్డు మీద లారీ పోయినా, వరండాలో ఎవరైనా పరుగెత్తినా ఆ అదురు మా దాకా రాదు. రాకూడదనే దాన్ని కొన్నారు. ప్రారంభోత్సవానికి ముందురోజు సాయంత్రం శశిభూషణ్ గారు బల్ల మీద చెయ్యి ఆనించారు. పలక మెల్లగా కిందికి దిగి మళ్ళీ పైకి లేచింది.

"ఇదేంటయ్యా కిష్టయ్యా, ఊయల్లా ఊగుతోంది?"

కిష్టయ్య అటెండరు. ముప్పై ఏళ్ళుగా అక్కడే ఉన్నాడు. ఆ బల్ల సంగతి ఆయనకు బాగా తెలుసు. "అది గట్లనే ఉంటది సార్. గాలి మీద తేలుతది గద" అన్నాడు.

"నీకూ నాకూ తెలుసు. రేపు వచ్చే పెద్దాయనకి తెలుస్తుందా? చెయ్యి పెట్టగానే ఇలా కుంగితే, నాసిరకం బల్ల కొన్నారని అక్కడే అనేస్తాడు. రేపొక్కరోజు కదలకుండా చూడు."

కిష్టయ్య వడ్రంగి దగ్గరికి పోయి నాలుగు చెక్కదిమ్మలు కోయించుకొచ్చాడు. పలకకూ కాళ్ళకూ మధ్య సుత్తితో దిగ్గొట్టాడు. బల్ల చుట్టూ ఎర్ర మఖమలు గుడ్డ కుచ్చిళ్ళు పెట్టి కట్టారు. మర్నాడు పెద్దాయన వచ్చాడు, రిబ్బను కత్తిరించాడు, కొబ్బరికాయ కొట్టాడు. గుడ్డ అంచు ఎత్తి బల్లకాలికి కుంకుమ పెట్టబోతే ఆ కుంకుమ కాస్తా ఒక దిమ్మ మీద పడింది. ఆయన బల్ల మీద రెండు చేతులూ ఆనించి గట్టిగా నొక్కి, "బాగుంది, స్ట్రాంగ్‌గా ఉంది" అన్నాడు. శశిభూషణ్ గారి మొహం వెలిగిపోయింది.

"తీసేద్దునా సార్?" అన్నాడు కిష్టయ్య అందరూ వెళ్ళాక.

"ఉండనీలే. గట్టిగానే ఉందిగా."

బాలమణి ఆ రెండు రోజులూ కోల్డ్ రూంలో ఉంది. ఆమెకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. గాలి మీటరు ముల్లు పచ్చగీత మీద ఉంది కాబట్టి బల్ల తేలుతోందనే అనుకుంది. ఎర్రగుడ్డ అందంగా ఉందని అలాగే ఉంచారు.

కోల్డ్ రూంలో ఏం చేస్తోందంటారా? మేక మెదళ్ళు నూరుతోంది. నవ్వకండి. కూలీలు నడిచే పట్టాలు మెదడులో బోలెడుంటాయి. తెల్లారకముందే కిష్టయ్య స్కూటరు మీద, వెనకాల ఐసుపెట్టె ఒళ్ళో పెట్టుకుని బాలమణి, ఇద్దరూ కబేళాకు పోయేవారు. గంటలోపు తెచ్చి నూరకపోతే పనికిరాదు. మొదటిసారి ఆమె గేటు దగ్గరే వాంతి చేసుకుంది. కిష్టయ్య నీళ్ళ సీసా ఇచ్చి, "నువ్వు స్కూటర్ కాడ నిలవడు బిడ్డా, నేను తెస్త" అన్నాడు. రెండోసారి తనే లోపలికి పోయి వేడివేడి మెదళ్ళు చేతుల్లోకి తీసుకుంది. ఆయన్ని కాకా అనేది. ఆయన కూతురి ఇంటర్ లెక్కలు ఆదివారాలు ఈమే చెప్పింది. ఇదంతా ఎందుకు చెబుతున్నానో తర్వాత తెలుస్తుంది.

రెండేళ్ళు ఏమీ తేలలేదు. పట్టాలు అతుక్కుపోయేవి, కూలీలు నడవకుండా చచ్చేవాళ్ళు, రేణువులు ముద్ద కట్టేవి. మూడో ఏడు మే నెలలో ఒక మధ్యాహ్నం తెర మీద, రేణువు కదలిక గీసిన గీతలో మెట్లు కనిపించాయి. మెట్టు మీద మెట్టు, ఒక్కోటీ ఎనిమిది నానోమీటర్లు. బాలమణి కుర్చీలోంచి లేచి నిలబడింది. తర్వాత మళ్ళీ కూర్చుని తెరకు మొహం ఆనించి చూసింది. ప్రతి మెట్టు మీదా సన్నని వణుకు ఉంది. అడుగు వేసేముందు కూలీ వణుకుతోంది. సెకనుకు నలభై ఎనిమిది సార్లు.

అంతకుముందు ఎవరూ చూడని సంగతి అది. శశిభూషణ్ గారు వచ్చి చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ క్షణంలో ఆయన ఆనందం నిజమైనదే, నాకు తెలుసు.

ఇక్కడ బాలమణి తప్పు ఒకటుంది, దాచను. ఇలాంటి వణుకు కనిపిస్తే, నడవకుండా గాజుకు అతుక్కుపోయిన రేణువును కూడా తీసి చూడాలి. అదీ వణికితే ఆ వణుకు కూలీది కాదు, బల్లది. ఆ పరీక్ష ఆమె చేసింది. అయితే డిసెంబరులో చేసింది. రేణువు నిశ్చలంగా ఉంది. హమ్మయ్య అనుకుంది. డిసెంబరు చలిలో ఏసీ వేయలేదన్న సంగతి ఆమెకు తట్టలేదు. నాకు తట్టింది. నేనేం చేయను, నాకు నోరుందా?

వ్యాసం అచ్చయింది. మొదటి పేరు బాలమణిది, చివరి పేరు శశిభూషణ్ గారిది. అయినా ఆ వణుకుకు లోకం పెట్టిన పేరు 'శశిభూషణ్ తడబాటు'. పేపర్లో ఆయన ఫొటో వేశారు. అణువు కూడా అడుగేసే ముందు ఆలోచిస్తుందని ఆయన సభల్లో చెప్పేవారు. జనం చప్పట్లు కొట్టేవారు. ఆ ప్రసంగాలు విన్న ఏ ఒక్కరూ తమ అడుగుల గురించి ఆలోచించినట్టు నాకు సమాచారం లేదు.

వ్యాసం అచ్చయిన మరుసటి ఏడు ఏప్రిల్‌లో కరెంటు కోతలు మొదలయ్యాయి. కరెంటు పోతే నాకూ లేజరుకూ యూపీఎస్ ఉంది, ఏసీకి లేదు. అందరూ చెట్టు కిందికి పోయేవారు. బాలమణి పోయేది కాదు. పొద్దున్నే చేసిన ప్రోటీన్ సాయంత్రానికి పాడవుతుంది, దాన్ని వదిలి ఎలా పోతుంది? చెమటలు కారుతుంటే చున్నీతో తుడుచుకుంటూ రికార్డు చేసింది. మెట్లు చక్కగా వచ్చాయి. వణుకు లేదు.

వేడి వల్లేమో అనుకుంది. మళ్ళీ కరెంటు పోయింది, మళ్ళీ వణుకు లేదు. ఆరుసార్లు అలాగే జరిగింది. ఆ ఆరు రికార్డులనూ కంప్యూటరులో 'కరెంటు' అని ఒక ఫోల్డరు చేసి పెట్టింది. ఆచార్యులు గారు చూసి, "కరెంటు పోయినప్పటి డేటా నమ్మలేం తల్లీ. గది వేడెక్కితే ప్రోటీన్ నడక మారుతుంది" అన్నారు. ఆ మాటలో తప్పు లేదు. అందుకని ఆమె మర్నాడు గదిని బాగా చల్లబరిచి, కరెంటు ఉండగానే తన చేత్తో ఏసీ ఆపింది. గది ఇంకా చల్లగానే ఉంది. వణుకు ఆగిపోయింది. వేసింది, మొదలైంది. ఆపింది, ఆగింది. పదకొండు సార్లు వేసి ఆపింది. తర్వాత బయటికి పోయి, గోడ వెనక ఉన్న ఏసీ డబ్బా మీద రేకు తుడిచి చదివింది. మోటరు నిమిషానికి రెండువేల తొమ్మిదివందల చుట్లు. అరవైతో భాగిస్తే దాదాపు నలభై ఎనిమిది.

లోపలికి వచ్చి నేల మీద చతికిలబడింది. అలా కూర్చున్నప్పుడే ఆమె చూపు ఎర్రగుడ్డ అంచు మీద పడింది. గుడ్డ ఎత్తింది.

"కాకా, గీ చెక్కలు ఎవరు వెట్టిన్రు?"

"నేనే బిడ్డా. సార్ వెట్టుమన్నడు. ఆ పెద్దసారు వచ్చిన దినం, బల్ల ఊగొద్దని." చెబుతున్నవాడు ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "ఏమైందమ్మా?"

ఆమె సుత్తి తెమ్మంది. ఇద్దరూ కలిసి నాలుగు దిమ్మలూ ఊడగొట్టారు. బల్ల తేలింది. ఏసీ పూర్తిగా వేసి రికార్డు చేసింది. కూలీ నింపాదిగా, ఏ తడబాటూ లేకుండా నడిచిపోయింది. ఆ రోజు ఆమె ఏడ్చింది. నాలుగేళ్ళ పని, తన పేరు ముందున్న ఒకే ఒక్క వ్యాసం, రాబోయే పీహెచ్‌డీ, అన్నీ ఆ ఏసీ డబ్బా చప్పుడేనని తెలిశాక ఏడవకుండా ఎవరుంటారు?

మర్నాడు శశిభూషణ్ గారికి అంతా చూపించింది. ఆయన దిమ్మల్ని చూశారు, తెరను చూశారు. పై నెలలో ఆయనకు జాతీయస్థాయి బహుమతి ఇవ్వబోతున్నారు.

"వ్యాసం వెనక్కి తీసుకుందాం సార్. తప్పు నాది గూడ ఉంది. డిసెంబర్ల టెస్ట్ చేసిన, ఏసీ సంగతి చూసుకోలే. నా పేరే రాయండి ముందు."

"నీ థీసిస్ దాని మీదే కదమ్మా. నీ కాళ్ళు నువ్వే నరుక్కుంటావా? ఫెలోషిప్ ఇంకో నాలుగు నెలలేగా ఉంది? ముందు డాక్టరేట్ తెచ్చుకో. తర్వాత చూద్దాం."

"అబద్ధం రాసి తెచ్చుకోలేను సార్."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. బల్ల మీద చెయ్యి ఆనించారు. పలక మెల్లగా కుంగి లేచింది. "కిష్టయ్యా, బల్ల ఊగుతోంది. అవి మళ్ళీ పెట్టు" అన్నారు మామూలు గొంతుతో.

కిష్టయ్య బాలమణి వైపు చూడలేదు. సుత్తి తెచ్చి, వంగి, ఒక్కొక్కటే దిగ్గొట్టాడు. ఒక్కో దెబ్బకూ నేను అదిరాను.

నాలుగు నెలలకు ఆమె వెళ్ళిపోయింది. థీసిస్ రాయలేదు. రోజూ ప్రయోగాలు రాసుకున్న లాగ్ పుస్తకం సారు బీరువాలో పెట్టేసింది. రికార్డులు కాపీ చేసుకోలేదు, ప్రయోగశాల డేటా బయటికి తీసుకుపోనని చేరినరోజు సంతకం చేసింది కాబట్టి. ఆ కాగితం ఒకటుందని గుర్తుంచుకున్నది ఆ డిపార్ట్‌మెంటు మొత్తంలో ఆమె ఒక్కతే అనుకుంటా. వెళ్ళేముందు నా మీద దుమ్ము తుడిచి, మూత సరిచేసి పోయింది. ఏదో గురుకుల పాఠశాలలో ఫిజిక్స్ చెబుతోందని తర్వాత విన్నాను.

రెండేళ్ళు గడిచాయి. మరో దేశంలో ఎవరో అదే ప్రయోగం చేసి, తడబాటూ లేదు గిడబాటూ లేదని రాశారు. అప్పుడు శశిభూషణ్ గారు పత్రికకు ఒక సవరణ ఉత్తరం పంపారు. కొత్త విద్యార్థి ఆ ఉత్తరాన్ని నా పక్కనే కూర్చుని టైపు చేశాడు, కాబట్టి మాటలు కూడా గుర్తున్నాయి. "మా ప్రయోగశాల స్వయంగా జరిపిన పరిశీలనలో, మాజీ పరిశోధక విద్యార్థిని బి. బాలమణి బల్లను సక్రమంగా అమర్చకుండా కొలతలు నమోదు చేసినట్లు తేలింది." తప్పు ఒప్పుకున్న గొప్ప మనసు అని ఆయన్ని అందరూ మెచ్చుకున్నారు. ఆ మెప్పుతోనే ఇంకో పెద్ద సంస్థకు డైరెక్టరై, బీరువాతో సహా వెళ్ళిపోయారు.

ఆ తర్వాత కొత్త కెమెరా వచ్చింది. దానితోపాటు కొత్త బల్ల, దాని మీద చెయ్యి వేయరాదని బోర్డు. నన్ను, నా కంప్యూటరునూ మెట్ల కింద తుక్కు గదిలోకి నెట్టారు. విరిగిన కుర్చీలు, కాలిపోయిన మోటర్లు, ఎర్ర మఖమలు గుడ్డ, నేను.

మొన్న జులైలో ఆ గది తలుపు తెరుచుకుంది. ముందు కిష్టయ్య, వెనక బాలమణి. కాస్త లావయింది, కళ్ళజోడు వచ్చింది. వేరే ఊరి విశ్వవిద్యాలయంలో ఒక మేడం ఆమెను మళ్ళీ పీహెచ్‌డీకి చేర్చుకుంటానందట. కమిటీవాళ్ళు ఆ సవరణ ఉత్తరం ముందు పెట్టి, దీనికి జవాబు తెమ్మన్నారట. 'కరెంటు' ఫోల్డరులోని ఆ ఆరు రికార్డులు దొరికితే చాలు. తేదీలు అందులోనే ఉంటాయి, తప్పు ముందుగా ఎవరు పట్టుకున్నారో తెలిసిపోతుంది.

కిష్టయ్య వైరు లాగి కంప్యూటరు పెట్టాడు. అది మూలిగి మూలిగి లేచింది. బాలమణి వంగి వెతికింది. 'కరెంటు' లేదు. ఏ ఫోల్డరూ లేదు. ఉన్నదల్లా ఒకే వీడియో: శశిభూషణ్ గారి వీడ్కోలు సన్మానం, మూడు గంటల నిడివి. దానికి చోటు చాలక మిగతావన్నీ చెరిపేశారు.

ఆమె నా వైపు తిరిగింది. నాలో ఏమైనా మిగిలిందేమోనని ఒక్క క్షణం ఆశపడిందనుకుంటాను. కానీ ఆమెకు తెలియనిది కాదు. నా లోపల నిలిచేది నాలుగు సెకన్ల బొమ్మలే, కరెంటు తీస్తే అవీ పోతాయి. నాకు గుర్తున్నవన్నీ మీకు చెప్పగలను గానీ ఏ కమిటీకీ చూపలేను.

"కాకా" అంది, "నువ్వొక్క మాట రాసియ్యి. చెక్కలు సార్ వెట్టుమన్నడని, నేను తీసినా మళ్ళ వెట్టిచ్చిండని. గంతే."

కిష్టయ్య తల దించుకున్నాడు. సెప్టెంబరులో ఆయన రిటైరవుతున్నాడు. పెన్షన్ కాగితాలు ఇంకా ఆఫీసులోనే తిరుగుతున్నాయి.

"ఏ చెక్కలు బిడ్డా?" అన్నాడు చివరికి. "ఎన్నేండ్లాయె. నాకు యాదికి లేదు."

ఆ మాట అంటున్నప్పుడు గాలికి తలుపు మూసుకోబోయింది. ఆయన అలవాటు కొద్దీ, చూడకుండానే, కాలితో ఒక చెక్కదిమ్మను తలుపు కిందికి నెట్టాడు. దాని మీద ప్రారంభోత్సవం నాటి కుంకుమ మరక ఇంకా ఉంది, రంగు మాసి గోధుమరంగుకు తిరిగింది.

బాలమణి ఆ దిమ్మను చూసింది. కిష్టయ్య ఆమె చూడటాన్ని చూశాడు. ఆయన చేతులు వణికాయి. ఆ వణుకు ఏ ఏసీదీ కాదు.

"మల్లీశ్వరి మంచిగున్నదా కాకా?" అని అడిగింది ఆయన కూతురి గురించి.

"ఉన్నది. బ్యాంకుల జేస్తున్నది. లెక్కలు నువ్వు జెప్పినయే గద."

ఆమె వంగి దిమ్మను లాగి, దుమ్ము దులిపి, సంచిలో వేసుకుంది.

"అది లేకుంటే తలుపు ఆగదమ్మా."

"ఆగకుంటే మూసుకోనీ."

ఆమె వెళ్ళిపోయింది. కాసేపటికి ఆయనా వెళ్ళాడు. తలుపు దానంతటదే మూసుకుంది. పోయినసారిలా నా మూత సరిచేయడం ఆమెకు గుర్తు రాలేదు.